ఘాట్‌రోడ్డులో నల్లపొగ ఎందుకు?

అలిపిరి దాటి, 1974లో తెరిచిన రెండో ఘాట్‌రోడ్డు ఎక్కుతూ, మార్పులు చేయించిన టర్బో పెట్రోల్ కారు నల్లపొగ వదిలిందనుకుందాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి చాలకపోతే కాలని కార్బన్ మసిగా బయటికొస్తుంది. కొండ మీద గాలి పలచన కదా, అందుకేనేమో అంటారు చాలామంది. తిరుమల ఎత్తు దాదాపు 850 మీటర్లు. సముద్రతీరంతో పోలిస్తే అక్కడ గాలి పీడనం పదో వంతు దాకా తగ్గే మాట నిజమే. పాత కార్బ్యురేటర్ బండికి ఆ కారణం చెల్లుతుంది. కానీ లోపలికెళ్లే గాలి ఎన్ని గ్రాములో సెన్సర్‌తో కొలిచి, ఆ లెక్కకే పెట్రోలు పోసే కారుకు చెల్లదు.

కాబట్టి ముందు అనుమానించాల్సింది టర్బో గొట్టాలనే. మార్పులు చేసినప్పుడు వాటిని విప్పి బిగిస్తారు. సెన్సర్ దాటాక ఒక క్లిప్పు వదులైతే, కొలిచిన గాలిలో కొంత బయటికి పోతుంది. కారు కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియక, కొలిచిన గాలి మొత్తానికీ సరిపడా పెట్రోలు పోస్తుంది. ఎక్కుడులో టర్బో ఒత్తిడి పెరిగినప్పుడే గాలి కారుతుంది, అప్పుడే పొగ. మరి పెద్ద ఇంజెక్టర్లు వేసి ఉంటే? అప్పుడు కారు నిలబడి ఉన్నా పెట్రోలు వాసన రావాలి. చల్లదనం కోసం, పూర్తి లోడు మీద టర్బో ఇంజన్‌కు కావాలనే కాస్త ఎక్కువ పెట్రోలు ఇస్తారన్నదీ సరైన మాటే, అయితే దట్టమైన పొగ వచ్చేంత ఇవ్వరు. ఇంజన్ ఆపి, గొట్టం మూతి మూసి, తక్కువ ఒత్తిడితో గాలి పంపి, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లాలి. బుడగలు లేకపోతేనే ఇంజెక్టర్ల జోలికి వెళ్లాలి.