చికెన్ బాగా ఉడికితే చాలనుకుంటున్నారా? అసలు డేంజర్ కత్తి దగ్గరే ఉంది!

ఆదివారం వచ్చిందంటే చాలు.. చికెన్ షాపుల ముందు క్యూ కట్టేస్తాం. ఇంటికి తెచ్చాక సింక్‌లో ట్యాప్ కింద పెట్టి కడుగుతాం. ముక్కలు కోసిన కత్తితోనే ఉల్లిపాయ, నిమ్మకాయ కోసి పక్కన పెట్టుకుంటాం. కూర బాగా ఉడికింది కదా, ఇక భయమేముంది అనుకుంటాం. కానీ ఆ పచ్చి ఉల్లిపాయ ముక్కల్ని ఎవరూ ఉడికించరు కదా! మందులకు లొంగని బ్యాక్టీరియా మన కడుపులోకి చేరే దారుల్లో ఇదొకటి. అసలు ఇది ఎలా జరుగుతుంది? ఇప్పుడు తెలుసుకుందాం.

కోళ్లకు యాంటీబయాటిక్స్ ఎందుకు?

జబ్బు చేసిన కోడికి మందు వేస్తే తప్పు లేదు. సమస్య అక్కడ కాదు. ఒకే షెడ్డులో వేల కోళ్లు ఉంటాయి కాబట్టి, ఒకదానికి జబ్బు వస్తే అన్నింటికీ పాకుతుందన్న భయంతో ఆరోగ్యంగా ఉన్న కోళ్లకూ ముందే మందు ఇస్తుంటారు. త్వరగా బరువు పెరగాలని దాణాలో కలిపే అలవాటూ ఉంది. ఇలా కొద్ది కొద్ది డోసుల్లో రోజుల తరబడి మందు పడితే బలహీనమైన బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తట్టుకున్నది మాత్రం మిగిలి, పిల్లల్ని పెట్టుకుంటూ పోతుంది. అంతేకాదు, మందును తట్టుకునే జన్యువును పక్కనున్న వేరే రకం బ్యాక్టీరియాకు కూడా అందించగలదు.

ఆఖరి మందుకే ఎసరు

దీనికి పెద్ద ఉదాహరణ కొలిస్టిన్. మిగతా మందులేవీ పని చేయనప్పుడు ఐసీయూలో డాక్టర్లు చివరి ప్రయత్నంగా వాడే యాంటీబయాటిక్ ఇది. అదే మందును పశువుల దాణాలోనూ వాడారు. 2015లో చైనా పరిశోధకులు కొలిస్టిన్‌కు లొంగకుండా చేసే ఎంసీఆర్-1 అనే జన్యువును బయటపెట్టారు. అది ఎక్కడెక్కడ దొరికిందో తెలుసా? పందుల్లో, పచ్చి మాంసంలో, ఆస్పత్రిలో ఉన్న రోగుల్లో కూడా! ఆ తర్వాత పశువుల ఎదుగుదల కోసం కొలిస్టిన్ వాడకాన్ని చైనా ఆపేసింది. మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జులైలో కోళ్లు, ఆక్వా, ఇతర పశువులకు, దాణాలోనూ కొలిస్టిన్ వాడొద్దని నిషేధం పెట్టింది. యూరప్ అయితే ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడకాన్ని 2006 నుంచే ఆపేసింది.

మనకేంటి నష్టం?

ఇలాంటి బ్యాక్టీరియా కడుపులోకి వెళ్లగానే జబ్బు రావాలనేం లేదు. పేగుల్లో చప్పుడు లేకుండా ఉండిపోవచ్చు. కానీ రేపు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఆపరేషన్ తర్వాత చీము పట్టినా, మామూలుగా తగ్గాల్సింది తగ్గదు. డాక్టర్ మందు మారుస్తూ ఉంటారు, బిల్లు పెరుగుతూ ఉంటుంది. ఇవి పని చేయక ప్రాణాలు పోతున్నవాళ్లూ ఉన్నారు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12.7 లక్షల మంది నేరుగా చనిపోయారని లాన్సెట్ అధ్యయనం అంచనా వేసింది. ఇదంతా మాంసం వల్లే అని కాదు. మనం ఇష్టారాజ్యంగా మింగే మాత్రలది కూడా పెద్ద వాటానే.

మేం వెజిటేరియన్ కదా అంటారా? ఫామ్ ఎరువు పొలాలకు వెళ్తుంది, మురుగు చెరువుల్లో కలుస్తుంది. కూరగాయల మీదకూ ఆ బ్యాక్టీరియా చేరొచ్చు.

ఈ రెండూ ఒకటి కాదు

మాంసంలో మిగిలిపోయిన మందును అవశేషం అంటారు. రొయ్యల్లో ఇది దొరికితే అమెరికా, యూరప్ దేశాలు సరుకును తిప్పి పంపేస్తాయి. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఏపీ రైతులకు ఇది కోలుకోలేని దెబ్బ. మందు ఆపాక కొన్ని రోజులు ఆగి అమ్మితే అవశేషం తగ్గుతుంది. కానీ మొండి బ్యాక్టీరియా వేరే. మందు ఆపినా అది ఉండిపోవచ్చు. అయితే ఒక గుడ్ న్యూస్ ఉంది. మందుకు లొంగకపోయినా వేడికి మాత్రం లొంగుతుంది!

ఇంట్లో ఏం చేయాలి?

* పచ్చి చికెన్‌ను ట్యాప్ కింద కడగొద్దు. నీటి తుంపరలతో బ్యాక్టీరియా సింక్ చుట్టూ పడుతుంది. తప్పదనుకుంటే గిన్నెలో నెమ్మదిగా కడిగి, సింక్‌ను సబ్బుతో శుభ్రం చేయండి.
* మాంసానికి ఒక కత్తి, ఒక బోర్డు. ఉల్లి, నిమ్మ, కీరాకు వేరేవి. ఒకటే ఉంటే ముందు కూరగాయలు కోసేసి, తర్వాత మాంసం కోయండి.
* ముక్క లోపల కూడా 70 డిగ్రీల వేడి తగలాలన్నది డబ్ల్యూహెచ్‌వో సూచన. లోపల ఎర్రగా ఉంటే ఇంకాసేపు ఉడికించండి.
* గుడ్డు పూర్తిగా ఉడకాలి. పచ్చి పాలు కాచే తాగాలి.
* ఫ్రిజ్‌లో పచ్చి మాంసం మూత ఉన్న డబ్బాలో, కింది అరలో పెట్టండి.
* నాటుకోడి అయినా జాగ్రత్తలు ఇవే.

ఇంకో మాట. మందుల స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత కనిపిస్తే, అది డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు. జలుబుకు, వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పని చేయదు.

చికెన్ మానేయాల్సిన పని లేదు. ఈ ఆదివారం కూడా వండుకోండి. కాకపోతే ఉల్లిపాయ కోసే ముందు ఆ కత్తిని ఒక్కసారి సబ్బుతో కడగండి.