కిడ్నీ మీద నీటి బుడ్డ: రిపోర్టు చూసి బెదరొద్దు

సోనోగ్రఫీ రిపోర్టుల "సింపుల్ సిస్ట్" అని రాసుంటే సోలాపూర్ల మన గల్లీలల్ల ముందు ఏడుపు, తర్వాత గాజులు కుదువపెట్టే మాట. గడ్డ అంటే క్యాన్సరే అనుకుంటరు. చాలాసార్లు ఏడుపూ అక్కర్లేదు, కుదువా అక్కర్లేదు.

సిస్ట్ అంటే కిడ్నీ మీద పలచని పొర కట్టిన నీటి బుడ్డ. లోపల నీరే గాని ముద్ద ఉండదు. జుట్టు నెరిసినట్టే వయసు మీద వస్తది. 50 దాటినోళ్లల్ల చాలామందికి ఒకటో రెండో ఉంటయి, తెలియకనే బతుకుతరు. ఇది రాయి కాదు. ఉక్కలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగేటోళ్లకు పట్టేది రాయి. రాయికని తాగే కషాయాలతోని బుడ్డ కరగదు. రెండు కిడ్నీల నిండా బుడ్డలుండి, తల్లికో తండ్రికో కూడా ఉండెనంటే అది వేరే జబ్బు, కిడ్నీ డాక్టరుకే చూపించాలె.

సీటీ స్కాన్ తీస్తే రిపోర్టుల "బోస్నియాక్" అని ఒక నంబరు ఉంటది. ఆ పేరుగల అమెరికా డాక్టరు 1986లో పెట్టిన లెక్క అది. 1, 2 అంటే భయం లేదు. 2ఎఫ్ అంటే కొన్నాళ్లకొకసారి స్కాన్ తీసి కనిపెట్టుకోవాలె. 3, 4 అయితే క్యాన్సర్ అనుమానం ఉంటది, ఆ దారే వేరు. ఇక్కడ చెప్పేది వాటికి వర్తించదు.

ఎక్కువ తగువు నడుం నొప్పి దగ్గర వస్తది. 30 ఏండ్లు సాంచెల ముందు నిలబడ్డ నడుము నొయ్యక ఏం చేస్తది? ఆ నొప్పిని చిన్న బుడ్డ మీద తోసి కోయించుకుంటే బుడ్డ పోతది, నొప్పి మిగుల్తది. డాక్టర్లకు దీనికొక ఉపాయం ఉన్నది. సూదితో బుడ్డల నీరు తీసి కొన్నాళ్లు చూస్తరు. నొప్పి తగ్గితే తప్పు బుడ్డదే. తగ్గకుంటే నడుమును చూపించుకోవాలె.

బుడ్డ బాగా పెరిగి పక్కల బరువైతేనో, మూత్రం దారిని ఒత్తితేనో, చీము పడితేనో అప్పుడు వైద్యం. 5 సెంటీమీటర్ల బుడ్డల ఒక చాయ్ కప్పుకు తక్కువే, 65 మిల్లీలీటర్ల నీరు పడుతది. 10 సెంటీమీటర్లదైతే అర లీటరు దాటుతది. అడ్డం రెండింతలైతే నీరు ఎనిమిదింతలు, అందుకే పెద్దది ఇబ్బంది పెడుతది.

కడుపు కోసే పనిలేదు. మొదటి దారి సూది. సోనోగ్రఫీల చూసుకుంట, చర్మం దగ్గర మత్తిచ్చి, వీపు పక్క నుంచి సన్నని గొట్టం దింపి నీరు గుంజుతరు. ఒట్టి నీరు తీసి ఊకుంటే చాలామందికి మళ్లా నిండుతది. అందుకే లోపలికి మందు ఎక్కిస్తరు, ఎక్కువగా చిక్కటి ఆల్కహాల్. (తాగే సారా అనుకునేరు, కాదు!) కొద్దిసేపు ఉంచి తిరిగి తీసేస్తరు. నీరు ఊరే లోపలి పొర దానితో చచ్చిపోతది. ఒక్కోసారి రెండు మూడు సార్లు చేయాల్సొస్తది. బుడ్డకూ మూత్రం దారికీ సందు ఉన్నదంటే ఈ మందు ఎక్కించరు.

రెండోది దుర్బీను ఆపరేషన్. పూర్తి మత్తిచ్చి, మూడు నాలుగు చిన్న రంధ్రాల గుండా బుడ్డ పైకప్పు కోసి తీస్తరు. అడుగు కిడ్నీకి అంటుకొని ఉంటది, దాన్ని కదిలించరు. కోసిన ముక్క పరీక్షకు పోతది. మళ్లీ నిండేది తక్కువ, రెండు మూడు దినాలల్ల ఇంటికి పంపుతరు. రక్తం పలచబడే గోళీలు వేసుకునేటోళ్లు ఆ మాట ముందే చెప్పాలె.

ఖర్చు సంగతి. గిర్నీల 5 ఏండ్లకు తక్కువ కాకుండా ఈఎస్ఐల ఉండి వయసు మీద రిటైరైనోళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే మొగుడు పెండ్లాలు ఇద్దరికీ ఆ వైద్యం దొరుకుతది. ఆ కార్డు లేనోళ్లు రేషన్ కార్డు, ఆధార్ పట్టుకొని, భర్తీ కాకముందే దవాఖానల ఆరోగ్యమిత్రను అడగాలె: ఈ ఆపరేషన్ ఫులే యోజనల వస్తదా, రాదా? మూత్రంల రక్తం పడ్డా, పక్కల నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా కార్డు కోసం ఆగొద్దు, ఆ పూటే పోవాలె.