ఇచ్చినవాళ్ల పేర్లుంటాయి... చేసినవాళ్లవి?

మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు నిలబడితే మన చూపంతా వస్తువు మీదే. సెల్ఫీ కూడా దానితోనే. కింద చిన్న అక్షరాల్లో ‘ఫలానావారి కానుక’ అని ఉండే లైను ఎవరు చదువుతారు చెప్పండి? నేను మాత్రం ఈమధ్య ఆ లైను వెంటే పడ్డా. అది నన్ను దాదాపు నాలుగొందల ఏళ్లు వెనక్కి, లండన్ దగ్గర లాంబెత్‌లో ఉన్న ఓ తోటమాలి ఇంటికి తీసుకెళ్లింది.

16, 17 శతాబ్దాల్లో యూరప్‌లోని రాజులకీ, డాక్టర్లకీ, పండితులకీ ఓ సరదా ఉండేది. ఎక్కడెక్కడి వింత వస్తువులన్నీ తెచ్చి ఓ గదిలో పేర్చుకోవడం. మొసలి చర్మం, గవ్వలు, పాత నాణేలు, పరాయి దేశపు కత్తులు... అన్నీ ఒకే చోట. వాటినే ‘క్యాబినెట్ ఆఫ్ క్యూరియాసిటీస్’ అనేవారు. మనం వింతల గది అనుకుందాం. ఇప్పటి మ్యూజియాలకు మూలం ఈ గదులే.

తోటమాలి ఇంట్లో ప్రపంచం

మరి రాజులు చేసే పని తోటమాలికి ఎలా కుదిరింది? జాన్ ట్రడెస్కంట్ మామూలు తోటమాలి కాదు. పెద్ద పెద్ద ప్రభువుల దగ్గర చేసి, చివరికి ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ తోటల దాకా వెళ్లాడు. కొత్త మొక్కల కోసం రష్యా, అల్జీరియా వరకూ ప్రయాణించాడు. కానీ ప్రపంచమంతా ఒక్కడే తిరగలేడు కదా. అందుకే అడగడం మొదలుపెట్టాడు.

1625లో ఆయన యజమాని బకింగ్‌హామ్ డ్యూక్ నౌకాదళానికి అధిపతి. ఆ పలుకుబడితో ట్రడెస్కంట్ నౌకాదళం సెక్రటరీకి ఉత్తరం రాశాడు. వర్జీనియా, గినియా, ఈస్టిండీస్... ఎక్కడికి వెళ్లే వర్తకులైనా సరే జంతువులు, పక్షులు, గవ్వలు, రాళ్లు, వింతగా కనిపించింది ఏదైనా తెచ్చిపెట్టాలని దాని సారాంశం.

అలా లాంబెత్‌లోని ఇల్లు నిండిపోయింది. జనం దానికి ‘ఆర్క్’ అని పేరు పెట్టారు. అంటే నోవహు ఓడ. ఆరు పెన్నీలు ఇస్తే ఎవరైనా లోపలికి వెళ్లి చూడొచ్చు. ప్రభువుల గదుల్లా తెలిసినవాళ్లకే కాదు, టికెట్ కొన్న ప్రతివాళ్లకీ! 1634లో పీటర్ మండీ అనే ఆయన అక్కడ ఓ రోజంతా గడిపాడు. అప్పుడే మన దేశం నుంచి తిరిగి వెళ్లిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఆయన. సూరత్, ఆగ్రా, పట్నా చూసొచ్చిన మనిషి కూడా ఆ ఇంటిని చూసి ఆశ్చర్యపోయాడు.

రక్తపు వానకీ ఓ సాక్షి

1638లో పెద్దాయన పోయాక, అదే పేరున్న కొడుకు ఆర్క్‌ని చూసుకున్నాడు. 1656లో వస్తువులన్నిటికీ క్యాటలాగ్ అచ్చు వేయించాడు. ఇంగ్లండ్‌లో అచ్చయిన తొలి మ్యూజియం క్యాటలాగ్ అదే. దాని స్కాన్ ఇప్పుడు ఫోన్‌లోనే ఫ్రీగా చదవొచ్చు.

నాకు బాగా నచ్చింది చివర్లో ఉన్న దాతల లిస్టు. మొదటి పేరు రాజుది, తర్వాత రాణిది. ఆ వెనక ఆర్చిబిషప్, డ్యూకులు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు, జహంగీర్ దర్బారుకు రాయబారిగా వచ్చిన సర్ థామస్ రో... ఇలా సాగుతుంది.

ఇంత లిస్టు ఎందుకు? థాంక్స్ చెప్పడానికి మాత్రమే కాదు. క్యాటలాగ్‌లో ‘వైట్ దీవిలో కురిసిన రక్తపు వాన’ అని ఓ ఐటమ్ ఉంది. పక్కనే, దీనికి సర్ జాన్ ఓగ్లాండర్ సాక్షి అని రాశారు. డ్రాగన్ గుడ్డు, ఫీనిక్స్ పక్షి తోక ఈక కూడా ఉన్నాయండోయ్. ఇలాంటివి జనం నమ్మాలంటే వెనకాల పెద్దమనిషి పేరుండాలి. ఒకరకంగా అప్పటి బ్లూ టిక్ అన్నమాట.

అయితే చదువుతూ ఉంటే ఇంకోటి కనిపిస్తుంది. ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి. చేసినవాళ్లవి లేవు. నాలుగు జింక తోళ్లు కలిపి కుట్టి, చిన్న చిన్న గవ్వపూసలతో మనిషి బొమ్మ, ఇరువైపులా జంతువుల బొమ్మలు తీర్చిన ఓ పెద్ద వస్త్రం ఉంది. వర్జీనియా రాజు పౌహాటన్‌దని క్యాటలాగ్ రాసింది. పోకహాంటస్ తండ్రి ఆయన. ఆ పూసలన్నీ ఓపిగ్గా కుట్టిన చేతులెవరివో ఎక్కడా లేదు.

మారిషస్ నుంచి వచ్చిన డోడో పక్షి కూడా అంతే. ఎవరు పట్టారో, ఎవరు చంపారో రాయలేదు. ఇప్పుడు దాని తల, కాలు మాత్రమే మిగిలాయి. 2018లో తలను స్కాన్ చేస్తే వెనక భాగంలో సీసపు గుళ్లు కనిపించాయి. అంటే ఎవరో కాల్చారు. ఆ విషయం బయటపడటానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది.

హెస్టర్ కథ

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం హెస్టర్ కథ. చిన్న ట్రడెస్కంట్ భార్య ఆవిడ. క్యాటలాగ్ పనిలో సాయం చేసి, డబ్బు కూడా పెట్టిన మిత్రుడు ఎలియాస్ ఆష్మోల్. ఆయన లాయర్. 1659లో ఆ దంపతులు తమ సేకరణంతా తమ తదనంతరం ఆష్మోల్‌కే చెందుతుందని దస్తావేజు మీద సంతకాలు పెట్టారు. కానీ 1662లో భర్త చనిపోయినప్పుడు చూస్తే వీలునామా మరోలా ఉంది. అన్నీ హెస్టర్‌వి, ఆమె తర్వాత ఆక్స్‌ఫర్డ్‌కో కేంబ్రిడ్జికో, ఆమె ఇష్టం.

ఆష్మోల్ కోర్టుకెక్కాడు. 1664లో తీర్పు ఆయనకే అనుకూలంగా వచ్చింది. హెస్టర్ బతికున్నంత కాలం వస్తువులకు కాపలా మనిషి, అంతే. 1674లో ఆయన పక్కింట్లోకే మారాడు. తన గురించి చెడుగా చెప్పినవన్నీ అబద్ధాలని 1676లో ఆమెతో సాక్షుల ఎదుట సంతకం పెట్టించుకున్నాడు. 1678 ఏప్రిల్‌లో హెస్టర్ తన ఇంటి కొలనులో శవమై కనిపించింది.

1683లో ఆక్స్‌ఫర్డ్‌లో మ్యూజియం తెరుచుకుంది. పేరు ఆష్మోలియన్. యూనివర్సిటీకి ఇచ్చిన మనిషి పేరే నిలిచింది. ఆయన పూనుకోకపోతే ఈ వస్తువులు చెల్లాచెదురయ్యేవేమో, అదీ ఒప్పుకోవాలి. కానీ పోగుచేసిన తోటమాలి పేరు, పదహారేళ్లు ఒంటరిగా కాపాడిన హెస్టర్ పేరు గుమ్మం మీద లేవు.

మన దేశానికీ ఇందులో ఓ ముక్క ఉంది. 1680లలో ఆ మ్యూజియానికి ఓ రాతి విష్ణుమూర్తి చేరాడు. బెంగాల్‌లోని సాగర్ దీవి నుంచి వచ్చాడు. ఇచ్చింది ఈస్టిండియా కంపెనీ అధికారి విలియం హెడ్జెస్ అని రికార్డుంది. చెక్కిన శిల్పి పేరు లేదు. పూజలు చేసిన ఊరివాళ్ల మాటా లేదు.

అందుకే ఈసారి మ్యూజియంకి వెళ్తే ఫొటో తీశాక లేబుల్‌ని కూడా జూమ్ చేయండి. ఇచ్చిందెవరు అనేది అక్కడుంటుంది. ఎవరు చేశారు, ఎవరి దగ్గర్నుంచి తెచ్చారు, ఇన్నాళ్లూ ఎవరు కాపాడారు? ఈ మూడూ మనమే అడగాలి.

లాంబెత్‌లో ట్రడెస్కంట్‌లని పూడ్చిన చర్చి ఇప్పుడు గార్డెన్ మ్యూజియం. ఆవరణలో వాళ్ల సమాధి ఉంది. రాతి మీద చెట్లు, గవ్వలు, ఓ మొసలి చెక్కి ఉంటాయి. ఆ సమాధిని మొదట కట్టించింది హెస్టరే. ఆవిడ కూడా అక్కడే ఉంది.