సాగరతీర సఫారీ

సఫారీ అనే పదం వినగానే మన మనోనేత్రం ముందు ఆఫ్రికా ఖండం సాక్షాత్కరిస్తుంది. గడ్డిమైదానాలలో సంచరించే సింహాలు, బారులు తీరిన ఏనుగులు, చెట్ల చివుళ్ళను అందుకొనే జిరాఫీలు కనుల ముందు కదలాడుతాయి. స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం. అదే అర్థం గల ‘సఫర్’ అనే అరబ్బీ పదం దీనికి మూలం. ఒకప్పుడు వేట కోసం సాగిన సఫారీలు, కాలక్రమాన వన్యప్రాణులను వాటి సహజ పరిసరాలలోనే దర్శించే యాత్రలుగా పరిణమించాయి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయవనం 1926లోను, టాంజానియాలోని సెరెంగెటి జాతీయవనం 1951లోను ఏర్పడ్డాయి. పచ్చిక కోసం ఏటా పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు సెరెంగెటికి, కెన్యాలోని మసాయిమారాకు నడుమ వలస సాగిస్తాయి.

ఆ వనాలలో రెండు మూడు రోజులు గడపడానికి వెళ్ళేవారు కొన్ని నియమాలను పాటించాలి. వేకువజామున, సాయంసమయాన జంతువులు చురుకుగా సంచరిస్తాయి కనుక ఆ వేళలలోనే బయలుదేరాలి. మార్గదర్శి మాట జవదాటరాదు. అనుమతి లేనిచోట వాహనం దిగరాదు. బిగ్గరగా మాట్లాడరాదు. ఆహారం చూపి జంతువులను ఆకర్షింపరాదు. అడవిలో మనం అతిథులమే కాని యజమానులం కాదన్న ఎరుకే సఫారీకి ప్రాణం. ఆ ఎరుక గలవారు వన్యప్రాణి యాత్రకు సముద్రాలు దాటవలసిన పనిలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల విద్యార్థులకు అది కూతవేటు దూరంలోనే ఉంది.

తెనాలి కూడలి నుండి చీలిన రైలుమార్గం సుమారు 34 కిలోమీటర్లు సాగి రేపల్లెలో ముగుస్తుంది. దారికి ఇరువైపులా కృష్ణా డెల్టా పంటపొలాలు కనువిందు చేస్తాయి. రేపల్లె దాటి నిజాంపట్నం, లంకెవానిదిబ్బ వైపు సాగేకొద్దీ నేలతీరు మారుతుంది. మంచినీరు ఉప్పునీటితో కలిసే ఆ బురదనేలలలో మడ అడవులు పెరుగుతాయి. నల్లమడ, తెల్లమడ, తిల్ల మొదలైనవి ఇక్కడి వృక్షాలు. బురదలో ప్రాణవాయువు తక్కువ కనుక మడచెట్ల వేళ్ళు కొన్ని నేలను చీల్చుకొని మేకుల వలె పైకి లేచి గాలి పీల్చుకొంటాయి. వీటినే శ్వాసమూలాలు అంటారు. ఆ వేళ్ళ నడుమ చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు పెరిగి పెద్దవై సముద్రం చేరుతాయి. అందువలన మడ అడవి మత్స్యసంపదకు పురిటిల్లు.

కృష్ణానది సముద్రంలో కలిసే ఈ ప్రాంతంలో 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. దీని విస్తీర్ణం సుమారు 194 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి జీవులలో విశిష్టమైనది బావురుపిల్లి. ఇది ఇంటిపిల్లికి ఇంచుమించు రెండింతలుంటుంది. బూడిదరంగు దేహంపై నల్లని మచ్చలు, పొట్టి తోక దీని లక్షణాలు. సాధారణంగా పిల్లులు నీటికి వెరుస్తాయి. ఇది మాత్రం నీటిలో దూకి చేపలను వేటాడుతుంది. లోపలి దట్టమైన రోమాలు తడిని చర్మం వరకు చేరనీయవు. వేళ్ళ నడుమ గల పాక్షికమైన చర్మపు పొర ఈతకు తోడ్పడుతుంది. ఇది నిశాచరం కావడం చేత యాత్రికునికి కనిపించడం అరుదు. బురదపై దాని అడుగుజాడలను గుర్తించగలిగినా ఆ యాత్ర ధన్యమే. పరిశోధకులు సైతం కదలికను పసిగట్టి తమంతట తామే ఛాయాచిత్రాలు తీసే కెమెరాల ద్వారా దీని ఉనికిని తెలుసుకొంటారు.

రెండవనాటి మజిలీ బాపట్ల. పట్టణానికి చేరువలోని సూర్యలంక సాగరతీరం విహారస్థలంగా ప్రసిద్ధం. శీతకాలం ముగిసే వేళ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఈ తీరపు ఇసుకలో గుంట తవ్వి, నూరు గ్రుడ్ల వరకు పెట్టి, ఇసుకతో కప్పి, కడలిలోకి మరలిపోతాయి. సుమారు 45 నుండి 60 రోజులలో పిల్లలు వెలువడుతాయి. ఇసుక వేడిమి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు అధికంగా జన్మించడం ప్రకృతి వైచిత్రి. కుక్కలు, నక్కలు గ్రుడ్లను తవ్వి తింటాయి. అందుచేత అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి, కంచె గల సంరక్షణ కేంద్రాలలో పొదిగింపజేసి, పిల్లలను సముద్రంలో విడుస్తారు. పిల్లలు సముద్రంపై కనిపించే వెలుగును బట్టి దారి తెలుసుకొంటాయి. తీరంలో మనం వెలిగించే దీపాలు వాటిని దారి తప్పిస్తాయి.

ఈ సంపదకు ముప్పు లేకపోలేదు. రొయ్యల చెరువుల కోసం మడ అడవులు నరికివేతకు గురయ్యాయి. చెరువు వలన ఒక కుటుంబానికి ఆదాయం లభిస్తుందన్న మాట నిజమే. కాని అడవి నశిస్తే, సహజంగా పెరిగే చేపలపై ఆధారపడిన అనేక మత్స్యకార కుటుంబాల జీవనం దెబ్బతింటుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని బలిగొన్నది. అంతటి ఉప్పెనను పూర్తిగా నిలువరించే శక్తి ఏ అడవికీ లేదు. అయినా దట్టమైన మడ అడవి అలల ఉధృతిని తగ్గిస్తుంది, తీరం కోతకు గురికాకుండా కాపాడుతుంది. తాబేళ్ళది మరొక వ్యథ. అవి ఊపిరితిత్తులతో శ్వాసించే జీవులు. మరపడవల వలలలో చిక్కుకొని, పైకి రాలేక ప్రాణాలు కోల్పోతాయి. అవి తప్పించుకొనే మార్గం గల వలలను వాడితే ఈ నష్టం తగ్గుతుంది.

కావున ఈ యాత్ర తలపెట్టినవారు అటవీశాఖ అనుమతి పొందాలి. ఆటుపోట్ల వేళలు తెలిసిన స్థానిక పడవవారిని వెంట ఉంచుకోవాలి. రాత్రి తీరంలో తాబేలు కనబడితే దూరంగా నిలవాలి; దానిపై దీపపు వెలుగు ప్రసరింపజేయరాదు. ప్లాస్టిక్ వస్తువులను తిరిగి తీసుకొనిరావాలి. దుర్భిణి, నోటుపుస్తకం, ఓర్పు - ఈ మూడే ముఖ్య సాధనాలు.

సెరెంగెటి సింహాన్ని రక్షించే భారం అక్కడి ప్రజలది. కృష్ణా తీరపు బావురుపిల్లిని, సూర్యలంకకు వచ్చే తాబేలును కాపాడవలసినవారు ఈ గడ్డపై పుట్టినవారు. వాటిని ఎరుగనివారు వాటి కోసం నిలబడలేరు. ఎరుక కలిగించడమే ఇటువంటి యాత్రకు పరమార్థం.