పాలీగ్రాఫ్ : శబ్దార్థ విచారము

'పాలీగ్రాఫ్' శబ్దము గ్రీకు భాషాభవము. పూర్వపదమునకు 'బహు' వనియు, ఉత్తరపదమునకు 'వ్రాయుట' యనియు అర్థము. బహుళముగ వ్రాయునది యని అవయవార్థము. దీనినుండియే పరస్పర భిన్నములగు ప్రయోగములు వెలువడినవి.

అందొకటి పురుషవాచకము. నానావిషయములపై గ్రంథములు రచించువాడు పాలీగ్రాఫ్. విశాఖపట్టణమున 1925లో జన్మించిన ఆరుద్ర ఇందుకు చక్కని లక్ష్యము. 'త్వమేవాహం' కావ్యము, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' అను చరిత్ర, చలనచిత్ర గీతములు, అపరాధ పరిశోధక కథలు ఒక్క లేఖినినుండియే వెలువడినవి. వేరొకటి యంత్రవాచకము. 1803లో హాకిన్స్ అనునతడు పేటెంటు పొందిన యంత్రమున ఒక కలముతో వ్రాయుచుండగా, దానికి కూర్చిన రెండవ కలము ప్రతిని సిద్ధము చేసెడిది. అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ దీనిని వాడెను. మన తాళపత్ర లేఖకులకు ఇట్టి భాగ్యము లేకపోయినది!

నేడు ప్రసిద్ధమైనది మూడవ అర్థము. 1921లో అమెరికాలోని బర్క్లీ నగరమున జాన్ లార్సన్ నేరపరిశోధనకై కూర్చిన యంత్రము రక్తపోటును, శ్వాసగతిని ఏకకాలమున రేఖలుగ గీసినది. స్వేదమువలన చర్మమునందు కలుగు మార్పు తరువాత చేరినది. గీయబడు రేఖలు అనేకములు. కావున పంకజ శబ్దమువలె ఇది యోగరూఢము. అయితే ఈ శబ్దమున సత్యము గాని, అనృతము గాని లేదు. దీనిని 'సత్యశోధన పరీక్ష' యనుట యంత్రము చేయని పనిని దానికి అంటగట్టుటయే.

ఈ వివేకము మన ధర్మశాస్త్రములకు క్రొత్త కాదు. నిలుకడలేక చోటు మారుట, పెదవుల మూలలు నాకుట, నొసలు చెమర్చుట, ముఖము వివర్ణమగుట దుష్టుని లక్షణములని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. మితాక్షరాకారుడగు విజ్ఞానేశ్వరుడు ఇది దోషసంభావనకే గాని దోషనిశ్చయమునకు కాదని వ్యాఖ్యానించెను. స్వాభావిక వికారమును, నైమిత్తిక వికారమును వేరుపరచుట దుష్కరమని ఆయన చూపిన హేతువు. భీతుడగు నిర్దోషికిని చెమట పట్టును గదా! ఆ మితాక్షరనే 13వ శతాబ్దమున కేతన 'విజ్ఞానేశ్వరీయము'గ తెనిగించెను.

2010 మే 5న సెల్వి వ్యాజ్యమున సుప్రీంకోర్టు, సమ్మతి లేనివారిని ఈ పరీక్షకు లోనుచేయరాదనియు, సమ్మతితో జరిపినను ఆ ఫలితమే స్వయముగ సాక్ష్యము కాజాలదనియు తీర్పు చెప్పినది. సంభావనా నిశ్చయముల భేదము ఇందును నిలిచియే యున్నది.

కనుక తెలుగున దీనిని 'బహురేఖాలేఖకము' అనుట యుక్తము. దీర్ఘమని తోచినవారు 'పాలీగ్రాఫ్' అనియే వ్రాయవచ్చును; సత్యశబ్దమును మాత్రము చేర్చరాదు.