గోదావరి నీటిలో క్వాంటము

భద్రాచలము నుండి గోదావరి దాటి, నదికి ఎగువగా మణుగూరు వైపు పోవు త్రోవలో అశ్వాపురము కలదు. అచ్చట 1991లో పని మొదలుపెట్టిన భారజల కర్మాగారమున్నది. అది నాడు ఖమ్మం జిల్లాలోనిది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. రామాలయ గోపురమును చూచి చేతులు జోడించు యాత్రికులలో ఈ ఉక్కు గోపురముల లోపల ఏమి జరుగుచున్నదో అడిగి తెలిసికొన్నవారు తక్కువ. మేమీనాడు ఆ సంగతియే ముచ్చటింప దలచితిమి.

క్వాంటం సిద్ధాంతమును గూర్చి ఒక మాట విరివిగా వినవచ్చుచున్నది. మనము చూచువరకు వస్తువునకు ఉనికి లేదట. మన చూపే లోకమును నిర్మించునట. వేదాంతపు వాసన గల మాట కనుక మనవారికి ఇట్టే రుచించును. మేమును ఒకప్పుడు ఇష్టముగా విన్నవారమే. ఆ మాటను పరీక్షించుటకు ఈ గోపురములను మించిన తావు మాకు తోచలేదు. వాని లోపల చీకటి, చూచువాడెవడును లేడు.

నీటి అణువులో ఆమ్లజని ఒకటి, ఉదజనులు రెండు. ఉదజనికి డ్యుటీరియము అను బరువైన సోదరుడు కలడు. 1931లో హెరాల్డ్ యూరీ దానిని కనుగొనెను. సాధారణ ఉదజని కేంద్రకములో ప్రోటాను ఒక్కటే. దీనిలో న్యూట్రాను కూడ చేరుటచే బరువు రెట్టింపు. గోదావరి నీటిలో ఇంచుమించు ఆరున్నర వేల ఉదజనులకు ఒకటి చొప్పున ఇది దొరకును. సహజ యురేనియమును వాడు రియాక్టర్లలో న్యూట్రానుల వేగము తగ్గించుటకు ఈ బరువు నీరు కావలెను. కాని రసాయన గుణములలో అన్నదమ్ములిద్దరును దాదాపు ఒకటే. ఏరుట ఎట్లు?

పాత భౌతికశాస్త్రమును నమ్మినచో ఉదజని కేంద్రకము స్ప్రింగునకు కట్టిన గోళీ వంటిది. స్ప్రింగు బిగువు తేలిక గోళీకిని బరువు గోళీకిని సమానమే. ఆ లెక్క ప్రకారము డ్యుటీరియమునకు నీటిలో నున్నను, హైడ్రోజన్ సల్ఫైడు వాయువులో నున్నను ఒకటే. దేనియందును ప్రత్యేకాభిమానము ఉండరాదు.

వాస్తవము వేరు. కేంద్రకము ఒక్క బిందువు వద్ద నిలిచి యుండదు. ఇక్కడ, అక్కడ, ఆ నడుమ అను పలు స్థానముల కలయికయే దాని స్థితి. దీనినే అధ్యారోపణ మందురు. చోటు ఇరుకైనకొలది చలనము హెచ్చునని 1927లో హైజెన్‌బర్గు చూపెను. కావున ఎంత చల్లబరచినను కొంత కంపనశక్తి మిగిలియే యుండును. బరువైన కేంద్రకమునకు ఆ కనీసశక్తి తక్కువ. బంధము బిగువైనచో ఆ తగ్గుదల మరింత ఎక్కువ. ఆమ్లజనితోడి బంధము గంధకముతోడి బంధము కంటె బిగువు. కనుకనే డ్యుటీరియము నీటి వైపు మొగ్గును. (ఇట్టి కంపనములను చెదరిన వెలుగులో చదువు విద్యయందు మన సూరి భగవంతంగారు నిష్ణాతులు, రామన్ ఫలితముపై వారి గ్రంథము 1940లో వెలువడినది.)

ఈ మొగ్గు సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2.3 రెట్లు, 130 డిగ్రీల దగ్గర 1.8 రెట్లే. ఈ కొద్ది తేడాయే కర్మాగారమునకు పెట్టుబడి. నీరు చల్లని గోపురములో నుండి వేడి గోపురములోనికి దిగును; వాయువు ఎదురుగా పైకెక్కును. చల్లని చోట డ్యుటీరియము వాయువును వీడి నీటిలో చేరును, వేడి చోట నీటిని వీడి వాయువులో చేరును. రెంటి నడుమ పోగుపడును. ఆ పోగైన దానిని తీసి, మరల మరల ఇదే విధముగా చిక్కబరచి, తుదకు స్వేదనముచే శుద్ధి చేయుదురు. ఆ వాయువు కోడిగ్రుడ్డు కుళ్లిన కంపు గలది, ప్రాణాంతకము కూడ. మోతాదు మించినచో ముక్కునకు వాసనయే తెలియకుండ పోవును. ఇక్కడి పనివారు క్వాంటమునకు కాదు, దీనికి భయపడవలెను.

ఇక మన ప్రశ్న. కేంద్రకము నిజముగా ఒకచోట కదలక యుండి, అది ఎక్కడనో మనకు తెలియకపోవుట మాత్రమే జరిగినచో, మన అజ్ఞానము డ్యుటీరియమును నీటిలోనికి నెట్టజాలదు. ఈ అనిశ్చితి మన చూపు తెచ్చిపెట్టినదియు కాదు, చూచువాడు లేని చోటనే అది పని చేయుచున్నది గదా. కేంద్రకపు చోటును సూక్ష్మముగా పట్టదలచినచో మిక్కిలి పొట్టి తరంగముల కిరణమును ప్రయోగింపవలెను. ఆ తాకిడికి అణువు స్థితియే మారిపోవును. పరిశీలన యనగా ఈ తాకిడియే. దానికి కన్నుగాని మనస్సుగాని అక్కరలేదు.

మరి గోపురములో అణువులు నిరంతరము ఢీకొనుచుండగా అధ్యారోపణము చెదరదా? అణువు మొత్తముగా ఎక్కడ నున్నదో తోటి అణువులు తాకి పసిగట్టును. కాని ఆ వేడిమిలోని తాకిడులకు లోపలి కంపనమును ఒక మెట్టు పైకెక్కించు శక్తి సాధారణముగా చాలదు. కావున కేంద్రకపు ఆ సన్నని విస్తృతి చెక్కుచెదరదు. 1935లో ష్రోడింగరు ఊహించిన పిల్లికి ఈ అదృష్టము లేదు. పెట్టెలోని గాలియే దానిని అనుక్షణము తాకుచు, మనము మూత తీయకముందే దాని సంగతి తేల్చివేయును.