పాఠం 8: చిన్న గుండెపోటు తరవాత దైనందిన జీవితం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• ‘చిన్న గుండెపోటు’ అనే మాటకు సరైన అర్థం చెప్పగలుగుతారు.
• ఇంటికి వచ్చిన తరవాతి ఆరు వారాల్లో నడక, ఇంటిపని, కూలిపని ఏ క్రమంలో మొదలుపెట్టాలో వివరించగలుగుతారు.
• రాయలసీమ ఆహారాన్ని, ఎండను దృష్టిలో పెట్టుకొని రోగికి తగిన సూచనలు ఇవ్వగలుగుతారు.
• మందులు మధ్యలో మానడంవల్ల కలిగే ప్రమాదాన్ని వివరించగలుగుతారు.
• వెంటనే 108కు ఫోన్ చేయవలసిన లక్షణాలను గుర్తించగలుగుతారు.

8.1 పరిచయం

‘మా నాయనకు మైల్డ్ స్ట్రోక్ వచ్చింది, స్టెంటు వేసి పంపించినారు’ అనే మాట కర్నూలు, కడప ప్రాంతాల్లో మనం తరచుగా వింటుంటాం. ఇందులో ఒక చిన్న పొరపాటు ఉంది. వైద్యశాస్త్రంలో స్ట్రోక్ అంటే మెదడుకు రక్తం అందక వచ్చే పక్షవాతం. గుండె కండరానికి రక్తం అందక వచ్చేది గుండెపోటు. రెండింటికీ మూలకారణాలు చాలావరకు ఒకటే అయినా, అవి వేరువేరు జబ్బులు. ఆసుపత్రిలో పాత జబ్బు గురించి చెప్పేటప్పుడు ఈ తేడా తెలియకపోతే డాక్టరు తప్పుగా అర్థం చేసుకొనే అవకాశం ఉంది.

మొదటి మూడు నాలుగు రోజుల చికిత్స ఆసుపత్రి బాధ్యత. ఆ తరవాతి కాలం రోగిది, కుటుంబానిది. ఈ పాఠం ఆ రెండో భాగం గురించి. మీలో చాలామంది ఉద్యోగమో, వ్యవసాయమో చేసుకుంటూ చదువుతున్నవారు. మీ ఇంట్లోనో, వీధిలోనో ఇలాంటి రోగి ఉండవచ్చు. వారిని దృష్టిలో పెట్టుకొని చదవండి.

8.2 ‘చిన్నది’ అంటే ఏమిటి?

గుండె కండరానికి రక్తాన్ని అందించే నాళాలను కరోనరీ ధమనులు అంటారు. వీటి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు పొర చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ నాళాన్ని పూర్తిగా మూసివేస్తే కండరం ఎక్కువగా దెబ్బతింటుంది. కొంత దారి మిగిలితే, లేదా చికిత్స త్వరగా అందితే నష్టం తక్కువగా ఉంటుంది. ఈ రెండో పరిస్థితినే జనం ‘చిన్నది’ అంటారు. ఇసిజిలో పెద్ద మార్పు కనిపించకపోయినా, రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రోటీను పెరగడాన్నిబట్టి డాక్టర్లు కండరం దెబ్బతిన్నదని గుర్తిస్తారు.

కాబట్టి ‘చిన్నది’ అనే మాట జరిగిన నష్టాన్ని మాత్రమే కొలుస్తుంది. రాబోయే ప్రమాదాన్ని కొలవదు. స్టెంటు ఒకచోట దారి తెరుస్తుంది. మిగతా నాళాల్లో కొవ్వు పేరుకొనే గుణం అలాగే ఉంటుంది. ఈ విషయం అర్థంకాని రోగులు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు ‘చిన్నదే కదా’ అని నెల తిరక్కముందే మాత్రలు మానేసి బీడీ అందుకుంటారు. మరికొందరు ‘నా పని అయిపోయింది’ అని మంచం దిగరు. ఈ రెండూ హాని చేసేవే.

8.3 విశ్రాంతి గురించి మారిన అవగాహన

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం వరకు గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచంమీదనే ఉంచేవారు. కదిలితే గుండె పగులుతుందని భయం. కదలకుండా పడుకోవడంవల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలు ఊపిరితిత్తులకు చేరి ప్రాణాలు తీసేవి. 1952లో అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన సామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లోన్ అనే డాక్టర్లు, రోగులను రోజూ కొంతసేపు కుర్చీలో కూర్చోబెడితే మేలు జరుగుతుందని చూపించారు. 1977లో జూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ బెలూన్‌తో కరోనరీ ధమనిని తెరిచే చికిత్స మొదలుపెట్టారు. ఈ మార్పులవల్ల, ఇబ్బందులేవీ లేని రోగి ఇప్పుడు కొద్దిరోజుల్లోనే ఇంటికి వస్తున్నాడు.

అయితే దెబ్బతిన్న కండరం మానడానికి పట్టే కాలం తగ్గలేదు. దాని స్థానంలో గట్టి మచ్చ ఏర్పడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంటే ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి కాని, కోలుకొనే రోజులు తగ్గలేదు. ఒకప్పుడు నర్సు కళ్లముందు గడిచిన వారాలు ఇప్పుడు ఇంట్లో గడుస్తున్నాయి. అందుకే ఇంట్లోవాళ్లకు ఈ విషయాలు తెలియాలి.

8.4 మొదటి ఆరు వారాలు

ఈ కింది క్రమం ఇబ్బందులు లేని రోగులకు సాధారణంగా చెప్పేది. ఎవరి విషయంలోనైనా డిశ్చార్జి కాగితంలో రాసినదానికే ప్రాధాన్యం ఇవ్వాలి.

మొదటి వారం: స్నానం, బట్టలు వేసుకోవడం వంటి సొంత పనులు తానే చేసుకోవాలి. ఇంట్లోనో, వాకిట్లోనో రోజుకు రెండుసార్లు అయిదు, పది నిమిషాలు మెల్లగా నడవాలి. మణికట్టుగుండా స్టెంటు వేసి ఉంటే ఆ చేత్తో బరువులు ఎత్తరాదు.

రెండు నుంచి నాలుగు వారాలు: నడక సమయాన్ని కొన్ని రోజులకొకసారి కొద్దిగా పెంచాలి. వేగానికి కొలత మాట. నడుస్తూ పక్కనున్నవారితో మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. మాట తెగుతుంటే వేగం తగ్గించాలి. తిన్న వెంటనే నడవకూడదు. కూర్చొని చేసే ఉద్యోగాలకు చాలామంది ఈ దశలోనే తిరిగి వెళ్లగలుగుతారు.

నాలుగు నుంచి ఆరు వారాలు: ఒకేసారి అరగంట నడవగలగడం లక్ష్యం. ఆ తరవాత వారానికి 150 నిమిషాల నడకను జీవితాంతం కొనసాగించాలి.

భార్యాభర్తల కలయిక గురించి రోగులు అడగడానికి మొహమాటపడతారు. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా అభ్యంతరం ఉండదు. అయితే గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకొనే మాత్ర వాడేవారు సిల్డెనాఫిల్ వంటి మాత్రలు వేసుకోకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇప్పుడు రెండు ఉదాహరణలు ఆలోచించండి. బేతంచెర్లలో నాపరాళ్ల పాలిషింగు యూనిట్‌లో పనిచేసే 50 ఏళ్ల కూలి ఒకరు. ప్రొద్దుటూరులో ఇల్లు చూసుకొనే అదే వయసు గృహిణి ఒకరు. ఇద్దరికీ ఒకే రకం గుండెపోటు వచ్చింది. బండలు మోయడం బరువైన పని కాబట్టి కూలికి ఆరు వారాలో, అంతకన్న ఎక్కువో పని వద్దంటారు. మళ్లీ చేరేముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయవచ్చు. ఆయన విశ్రాంతి అందరి కళ్లకూ కనిపిస్తుంది. గృహిణి విషయంలో ‘ఇంట్లోనే కదా ఉండేది’ అంటారు. కాని నీళ్ల బిందె ఎత్తడం, రోట్లో ఊరిబిండి నూరడం, తడి దుప్పట్లు పిండడం, సంగటి గెలకడం అన్నీ చేతులమీద, గుండెమీద భారం వేసే పనులే. కాబట్టి రోగి స్త్రీ అయినప్పుడు బరువు పనుల జాబితా రాసి, ఆరు వారాలపాటు ఏ పని ఎవరు చేయాలో ఇంట్లో ముందే నిర్ణయించుకోవాలి. కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం వంటి తేలిక పనులు ఆమె చేయవచ్చు.

8.5 మందులు

గుండెపోటు తరవాత సాధారణంగా నాలుగు రకాల మందులు రాస్తారు.

1. రక్తం గడ్డకట్టకుండా చేసేవి: ఆస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ వంటి మరొకటి. రెండో మాత్ర ఎక్కువమందికి ఏడాదిపాటు ఉంటుంది. ఆస్పిరిన్ ఆ తరవాత కూడా కొనసాగుతుంది.
2. కొవ్వు తగ్గించే స్టాటిన్: చెడు కొవ్వు అయిన ఎల్‌డీఎల్‌ను 70 కంటే తక్కువకు తేవడానికి.
3. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్.
4. రక్తపోటును తగ్గించి గుండెకు భారం తగ్గించేవి.

వీటిలో ఏదీ నొప్పి తగ్గించే మాత్ర కాదు. వేసుకుంటే ఏమీ తెలియదు, మానితే ఆరోజు ఏమీ తెలియదు. అందువల్లనే మానడం సులభం. కొత్తగా వేసిన స్టెంటుమీద లోపలి పొర పెరగడానికి నెలలు పడుతుంది. ఈలోగా మాత్రలు ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టి, మొదటిదానికంటే పెద్ద గుండెపోటు రావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా గుండె డాక్టరును అడగకుండా వీటిని ఆపరాదు.

కీళ్లనొప్పులకు ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, ఐబుప్రొఫెన్ మాత్రలు గుండెపోటు ప్రమాదాన్ని పెంచుతాయి. ఇంజెక్షన్ వేసేవారికి స్టెంటు సంగతి ముందే చెప్పాలి.

మందులు మానడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. చూపించుకోవడానికి వెళ్తే ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం కింద స్టెంటు వేయించుకున్నవారు, తరవాతి పరీక్షలకు, మందులకు ఏ సదుపాయం ఉందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను డిశ్చార్జి రోజునే అడగాలి. 1956లో ఏర్పడిన కర్నూలు వైద్య కళాశాలకు, 2006లో ఏర్పడిన కడప రిమ్స్‌కు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో చూపించుకోవచ్చు. బయట కొనవలసివస్తే జన ఔషధి దుకాణాల్లో ఇవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. మాత్రలు వారానికి సరిపడా మిగిలి ఉండగానే మళ్లీ తెచ్చుకోవాలి.

8.6 ఆహారం

‘ఇంక సంగటి, రొట్టె మానేయాల్నా?’ అని చాలామంది అడుగుతారు. మానవలసిన పనిలేదు. రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం పీచు ఉన్న మంచి ఆహారం. సమస్య పక్కన పెట్టుకొనే వాటిలో ఉంది. ఊరగాయ, ఒట్టి చేపలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు అన్నీ ఉప్పుతో నిలవచేసినవి. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకంటే తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇది సుమారు ఒక చిన్న చెంచా. రెండు మూడు ఊరగాయ ముక్కలతోనే అందులో చాలాభాగం పూర్తవుతుంది. సంగటిలోకి పప్పు, ఆకుకూర, ఉప్పు తగ్గించిన చెనిక్కాయల పచ్చడి మంచివి.

ఉగ్గానిలో తప్పులేదు. దానితో వచ్చే బజ్జీలు, మళ్లీమళ్లీ కాచిన నూనె సమస్య. చెనిక్కాయల నూనె విషం కాదు. మనిషికి రోజుకు మూడు నాలుగు చిన్న చెంచాలకు మించకపోతే చాలు. మాంసం తినేవారు పొట్టేలు మాంసం తగ్గించి, చేపలు, చర్మం తీసిన కోడికూర తినవచ్చు. కారం నేరుగా గుండెకు హాని చేయదు. అయితే కారంవల్ల వచ్చే ఛాతీమంట గుండెనొప్పిని మరుగుపరుస్తుంది. అందుకే కొంత తగ్గించడం మంచిది.

బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి. మానిన ఏడాదికి, పొగతాగడంవల్ల అదనంగా వచ్చే గుండెజబ్బు ప్రమాదం సుమారు సగానికి తగ్గుతుంది. మానడానికి సాయం కావాలంటే 1800112356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఉపవాసం, రంజాన్ రోజా, దీక్ష, శ్రీశైలం కాలినడక వంటివి మొక్కుకున్నవారు ముందుగా డాక్టరును కలవాలి. మందుల వేళలు మార్చడం సాధ్యమో కాదో ఆయన చెబుతారు. జబ్బుచేసినవారు రోజాను తరవాతికి వాయిదా వేసుకోవడానికి ఇస్లాం అనుమతి ఇస్తున్నది.

8.7 ఎండ

మే నెలలో కర్నూలు, కడపల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. శరీరాన్ని చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి. చెమటవల్ల నీరు తగ్గుతుంది. అదే సమయంలో రక్తపోటు మాత్రలు, నీరు తీసే మాత్రలు పనిచేస్తుంటాయి. దాంతో లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. కాబట్టి వేసవిలో నడక పొద్దు పొడవకముందే పూర్తిచేయాలి. పడుకున్నవారు ఒక్కసారిగా లేవకుండా, కాసేపు కూర్చొని లేవాలి. పలచని మజ్జిగ, రాగి అంబలి ఉప్పు తగ్గించి తాగాలి. గుండె బలహీనంగా ఉందని చెప్పినవారు మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరును అడగాలి.

మందులకూ ఎండ పనికిరాదు. నాలుక కింద పెట్టుకొనే మాత్రలను బండి డిక్కీలో, పొయ్యి పక్కన, రేకుల కప్పు కింద ఉంచకుండా వాటి అట్టలోనే నీడపట్టున ఉంచాలి.

8.8 మనసు, కుటుంబం

గుండెపోటు తరవాత చిన్న తిమ్మిరికి, గ్యాసు నొప్పికి కూడా భయం కలుగుతుంది. నిద్ర పట్టదు, ఉత్తపుణ్యానికి కోపం వస్తుంది. మొదటి వారాల్లో ఇది సహజం. రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేకపోతే, ఏడుపు వస్తుంటే అది కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పరామర్శకు వచ్చినవారు ‘ఫలానాయన ఇట్లే పోయినాడు’ అని చెబుతుంటారు. ఆ మాటలను ఆపవలసింది ఇంట్లోవాళ్లే. అన్ని పనులూ లాక్కొని మనిషిని కూర్చోబెట్టడం కూడా ప్రేమే, కాని రోగి తనను తాను పనికిరానివాడిగా భావించడానికి అదే కారణమవుతుంది. సాయంత్రం తోడుగా నడవడం అంతకంటే మంచి సేవ.

8.9 ప్రమాద సూచనలు

• ఛాతీలో బరువు, బిగుతు, మంట. అది భుజానికి, దవడకు, వీపుకు పాకడం.
• చల్లని చెమట, ఆయాసం, వాంతి, స్పృహ తప్పడం. స్త్రీలలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఛాతీనొప్పి లేకుండా ఇవి మాత్రమే ఉండవచ్చు.

ఇలా జరిగితే పని ఆపి కూర్చోవాలి. డాక్టరు రాసిచ్చి ఉంటే ఒక మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి. మాత్ర లేకపోతే వెంటనే చేయాలి. బైకుమీద మధ్యలో కూర్చోబెట్టుకొని తీసుకుపోరాదు. తెల్లవారేదాకా చూద్దామని ఆగరాదు.

పాదాల వాపు, మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం, నల్లని మలం కనిపిస్తే ఆరోజే డాక్టరును కలవాలి.

8.10 సారాంశం

చిన్న గుండెపోటు ముగింపు కాదు, మరచిపోదగ్గ సంఘటన కూడా కాదు. ఆసుపత్రి మూసుకున్న నాళాన్ని తెరుస్తుంది. దాన్ని తెరిచి ఉంచేది తరవాతి రోజుల్లో వేసుకొనే మాత్ర, నడిచే నడక, తగ్గించిన ఉప్పు, మానిన బీడీ. పని క్రమంగా పెంచాలి, మందులు బాగున్నప్పుడు కూడా వేసుకోవాలి, ప్రమాద సూచన కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

8.11 మీ అవగాహనను పరీక్షించుకోండి

1. స్ట్రోక్‌కు, గుండెపోటుకు తేడా ఏమిటి?
2. ‘నాకు ఏ బాధా లేదు, మాత్రలు ఎందుకు?’ అని అడిగే రోగికి మీరు ఏమి చెబుతారు?
3. మీ ఇంట్లో ఒకరోజు జరిగే పనులన్నీ రాయండి. వాటిలో గుండెపోటు వచ్చి రెండు వారాలైన గృహిణి చేయదగినవి, చేయరానివి వేరుచేసి కారణాలు తెలపండి.
4. మీ ఊరి నుంచి గుండెకు చికిత్స చేసే ఆసుపత్రి ఎంత దూరం? రాత్రివేళ అక్కడికి చేరడానికి ఏ ఏర్పాటు ఉందో తెలుసుకొని రాయండి.